ముందు వీధిలోంచి ఇంటికి

ఫ్రాన్సులోని షాంతియీలో తెల్లవారడం ముందు వినిపిస్తుంది, ఆ తర్వాతే కనిపిస్తుంది. మంచు ఇంకా ఓక్ చెట్ల నడుములు వదలకముందే అడవిలోని ఇసుక దారుల మీద గిట్టల చప్పుడు మొదలవుతుంది. మెత్తటి చప్పుడు. ఎవరో పెద్ద పరుపు మీద గుప్పిళ్ళతో మెల్లగా తడుతున్నట్టు. ఆ చప్పుడుకే రోజూ లేచి, ఆ చప్పుడులోనే జుట్టు నెరిసిన మనిషి సిదోనీ.

పదహారేళ్ళ పిల్లగా లెస్తియెన్ గారి గుర్రపుసాలలో గుర్రాల్ని సాకే సాయిసుగా చేరింది. అప్పుడు పందెపు గుర్రాలకి శిక్షణ ఇచ్చింది ఇప్పటి లెస్తియెన్ గారి తండ్రి. ఆయన పోయాడు, కొడుకు వచ్చాడు. సాలలో వాళ్ళు తండ్రినీ పత్రాన్, అంటే దొర, అన్నారు, కొడుకునీ పత్రాన్ అంటున్నారు. సిదోనీ పొట్టి మనిషి. గాలికి ఎర్రబారిన బుగ్గలు, మొద్దు వేళ్ళు. నేల మీద నడిస్తే కుంటుతుంది కానీ, జీనెక్కితే ఆకు మీద వానచుక్క కూచున్నట్టు కూచుంటుంది. జూన్ నెలాఖరుకి ఆమె పని మానేస్తోంది. చాలించమని మోకాళ్ళు ఎప్పట్నుంచో చెబుతున్నాయి, ఆమే వినలేదు.

ఆమె చేతిలో పెరిగిన గుర్రాలు సముద్రపు గాలి కొట్టే దోవిల్‌లో గెలిచాయి. పారిస్ పక్కన లాంగ్‌షాంలో గెలిచాయి. ఒక మొండి ఆడగుర్రమైతే ఇంగ్లండు దాకా వెళ్ళి గెలిచొచ్చింది. షాంతియీలో మాత్రం, తను పుట్టిన ఊళ్ళో, తన వంటింటి కిటికీలోంచి కనపడే ఆ పచ్చిక మీద, ఒక్కటీ గెలవలేదు. రెండో స్థానాలు బోలెడు. ఒకసారైతే గెలుపు గుర్రపు ముక్కంత దూరంలో జారిపోయింది.

ఆ సాలకొక పద్ధతుంది. పందెం అయ్యాక గుర్రాన్ని గోడల వెనక సందులోంచి ఇంటికి తోలుకొస్తారు. షాంతియీలో గెలిచిన గుర్రాన్ని మాత్రం సందులోంచి తీసుకురారు. దాన్ని సాకిన సాయిసు పగ్గం పట్టుకుని ముందు వీధిలో నడిపించుకుంటూ వస్తాడు. కిటికీలు తెరుచుకుంటాయి. కాఫీ హోటల్లో వాళ్ళు కప్పులు పట్టుకునే బయటికొస్తారు. రొట్టెల కొట్టు ఉగెత్ పిండి చేతులతోనే గుమ్మంలోకొచ్చి గుర్రం నోటికి రొట్టె కొస అందిస్తుంది. అంతే, అంతకు మించి ఏమీ ఉండదు. కిందటేడు చేరిన బసీల్ కూడా ఒకసారి అలా నడిచొచ్చాడు. సిదోనీ మాత్రం ఇన్నేళ్ళూ సందులోంచే వచ్చింది. తన కోరిక నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా అది తెలియనివాళ్ళు సాలలో లేరు.

ఆ వసంతంలో అమెరికా నుంచి విమానంలో ఒక గుర్రం దిగింది. దాని పేరు సోర్గమ్, అంటే జొన్న. అది పుట్టిన కెంటకీలో జొన్నచెరకు పాకం కాచి రొట్టెల మీద పోసుకుంటారట. ఒంటి రంగు అచ్చం ఆ పాకమే, ఎండ పడితే లోపల దీపం వెలిగించినట్టుండేది. దాన్ని కొత్త నేలకి అలవాటు చేయమని దాని యజమానురాలు ఆల్సీద్ అనే మనిషిని కూడా పంపింది. అక్కడ దాన్ని సాకినవాడు అతనే. పొడుగ్గా, వంగిన వెదురులా ఉంటాడు. పుట్టింది లూసియానాలో. అక్కడి పల్లెల్లో మిగిలిన పాతకాలపు ఫ్రెంచి మాట్లాడతాడు. అతను నోరు విప్పితే సాలలో వాళ్ళకి తమ ముత్తాతలు లేచొచ్చి పలకరిస్తున్నట్టుండేది.

మొదటి రోజు సిదోనీని చూసి టోపీ తీసి, "దండాలు మామ్జెల్," అన్నాడు.

బసీల్ గడ్డిమోపు మీద పడి నవ్వాడు. "మామ్జెల్ అట! మన అవ్వ పెళ్ళికాని పిల్లట!"

"నువ్వు నోర్మూసుకుని పేడ ఎత్తు," అంది సిదోనీ. ఆల్సీద్ వైపు తిరిగింది. "నాకు మనవరాలుందయ్యా, కౌబాయ్."

"కౌబాయ్ అనకండి మామ్జెల్. నాకు ఆవులంటే భయం."

ఆ మాటకి సిదోనీ నవ్వాపుకోలేకపోయింది. పత్రాన్ సోర్గమ్‌ని ఆమె చేతికే అప్పగించాడు. ఆ రోజు నుంచి పొద్దున్నే కాఫీలో రొట్టె ముంచుకోవడమెంత మామూలో, వాళ్ళిద్దరి మధ్య వాదన కూడా అంత మామూలైపోయింది.

"అడవిలో ఇంతసేపు ఈ నడకేంటి మామ్జెల్? సంతకెళ్తున్నట్టు! మా దగ్గర గుర్రం పందెపు మైదానంలోనే ఉంటుంది. సాల తలుపు తీస్తే ఎదురుగా మట్టి చుట్టు. ఎక్కామా, దౌడు తీశామా, దిగామా. గట్టు మీద గడియారాలు పట్టుకుని మనుషులుంటారు. ఏ గుర్రం ఎంత జోరుగా పోయిందో పొద్దెక్కేలోపు ఊరంతా తెలిసిపోతుంది."

"అది గుర్రమా, గోడ గడియారమా? రోజూ కీ ఇచ్చి తిప్పడానికి?" అంది సిదోనీ. "గుర్రానికి ముందు నడవడం రావాలి. తోటివాళ్ళ వెనక ఓపిగ్గా ఉండటం రావాలి. ఆకులు గలగలమంటే బెదరకుండా చూడటం రావాలి. పరిగెత్తడం దానికి అమ్మ కడుపులోనే వచ్చు."

"మీ పందేలూ అలానే ఉంటాయి. అందరూ పెళ్ళి ఊరేగింపులా మెల్లగా వెళ్ళి, ఆఖర్న అన్నం అయిపోతుందన్నట్టు ఉరుకుతారు."

"మీరేమో మొదట్లోనే వెర్రిగా ఉరికి, ఆఖర్న ఎవడు తక్కువ అలిసిపోతే వాడే గెలిచాడంటారు. పైగా పందానికి వెళ్ళే గుర్రం పక్కన ఇంకో గుర్రం, దాని మీద ఒక మనిషి. దానికేం, తోడు పెళ్ళికూతురా?"

"దానికి దిగులు ఉండదు మామ్జెల్. మీ గుర్రాలు ఒంటరిగా వెళ్ళడం చూస్తే నాకు ఏడుపొస్తుంది."

ఇలా వాదించుకుంటూనే ఇద్దరూ ఒకే గుర్రానికి రెండు పక్కలా నిలబడి ఒళ్ళు తోమేవాళ్ళు. సోర్గమ్ కళ్ళు మూసుకుని ఇద్దరి మాటలూ వినేది.

గుర్రం మంచిదే. అడవిలోని తిన్నటి దారుల్లో మిగతా వాటితో సమానంగా, గొంతులో చిన్నగా పాడుకుంటున్నట్టు శ్వాస తీస్తూ పరిగెత్తేది. కానీ మే నెలలో లాంగ్‌షాం పందెంలో మలుపు రాగానే ఏదో అయింది. చెవులు రెండు పక్కలకీ వాల్చేసి, తీరిగ్గా, గాలి పీల్చుకోవడానికి బయల్దేరినట్టు వెనకపడింది. జాకీ తాంక్రెద్ దిగి జీను విప్పుతూ, "ఇది పరిగెత్తడానికి రాలేదమ్మా, దేశం చూడ్డానికొచ్చింది," అన్నాడు.

పత్రాన్ కోప్పడలేదు. ఆయన కోప్పడకపోతేనే భయం. "జూన్‌లో టోపీల ఆదివారం మన షాంతియీలో ఇంకొక్క పందెం పరిగెత్తిద్దాం," అన్నాడు. "అప్పుడూ ఇలాగే అయితే దాన్ని వాళ్ళ దేశం పంపేస్తా. దానికి ఇక్కడి నేల నచ్చలేదనుకుందాం."

షాంతియీలో ఆడవాళ్ళు పూలతోటల్లాంటి టోపీలు పెట్టుకొచ్చే ఆదివారం అది. సిదోనీకి ఆ నెలే ఆఖరు. ఆమె చేతిలో ఆ రోజు పరిగెత్తబోయేది ఆ ఒక్క గుర్రమే. సాయంత్రం సందులోంచి ఇంటికెళ్తూ ముందు వీధి వైపు చూసింది. ఉగెత్ కొట్టు ముందు ఎండ పసుప్పచ్చగా, ఊరికే పడి ఉంది.

జూన్ మొదట్లో గాలివాన వచ్చింది. మర్నాడు పొద్దున అడవంతా కడిగిన ఆకు వాసన. గుర్రాలు వరసగా గుండ్రటి ఇసుక దారి దగ్గరికి చేరేసరికి, గేటు దాటగానే కుడివైపు పెద్ద బీచ్ చెట్టు అడ్డంగా కూలి ఉంది. షాంతియీ పందెం కుడివైపు తిరుగుతుంది గనక, ఆ దారిలో గుర్రాల్ని ఎప్పుడూ కుడివైపే పరిగెత్తించేవాళ్ళు. సోర్గమ్‌ని అక్కడికి తేవడం మాత్రం అదే మొదలు. ముందున్నవాళ్ళు ఆగి చెట్టుని చూశారు. ఇప్పుడేం చేద్దామని మాట్లాడుకున్నారు. వెనక సోర్గమ్ మీద సిదోనీ కూడా ఆగింది. గుర్రం మెడ ఎత్తి, తడి చెట్లనీ, ఆకాశాన్నీ, గట్టు మీద నిలబడ్డ ఆల్సీద్‌నీ నింపాదిగా చూసింది.

"ఎడంవైపు తిరుగుదాం," అని ముందు నుంచి బసీల్ కేకేశాడు. "చుట్టూ తిరిగి చెట్టు అవతలి పక్క దాకా వెళ్ళి ఆగుదాం. మెల్లగా!"

సిదోనీ సోర్గమ్‌ని ఎడంవైపు తిప్పింది.

ఆ తర్వాత ఆమె జీవితంలో చాలా వేగంగా గడిచిన కొద్దిసేపు మొదలైంది. ఆమె కింద ఉన్న గుర్రం పొట్టిదైపోయి, మళ్ళీ పొడుగైంది. ముందున్న తోకలు పక్కకొచ్చాయి, పక్కన తలలయ్యాయి, ఆ వెంటనే కనిపించకుండా పోయాయి. "అవ్వా, ఎక్కడికి?" అని బసీల్ అరిచిన అరుపు వెనకే ఉండిపోయింది. పగ్గాలు లాగితే కొండని లాగినట్టుంది. కళ్ళ వెంట నీళ్ళు. భయమో, గాలో, ఇంకేమిటో. కాసేపటికి తను నవ్వుతోందని ఆమెకే తెలిసింది. పదహారేళ్ళప్పుడు మొదటిసారి గుర్రం తనని ఎత్తుకుపోయినప్పుడు నవ్వినట్టు, గొంతు పగిలేలా.

చెట్టు దగ్గరకొచ్చేసరికి సోర్గమ్ తనంతట తనే వేగం తగ్గించి ఆగింది. కూలిన కొమ్మ వైపు మూతి చాచి, లేత బీచ్ ఆకులు తినడం మొదలెట్టింది.

వెనకవాళ్ళు చేరేలోపే గట్టు మీద ఆల్సీద్ చతికిలబడ్డాడు. టోపీతో తన నెత్తినే కొట్టుకుంటున్నాడు.

"ఏమైందయ్యా, తేలు కుట్టిందా?"

"కుట్టాల్సిందే మామ్జెల్! నా బుర్రకి కుట్టాల్సిందే! మా దగ్గర పందేలన్నీ ఎడంవైపే. ఏ ఊరైనా సరే, ఎడంవైపే. పొద్దున్నే ముందు గుర్రాన్ని ఎదురు తిప్పి, కుడివైపు మెల్లగా నడిపిస్తాం, ఒళ్ళు వేడెక్కడానికి. ఆ తర్వాత ఎడంవైపు తిప్పితే దౌడు. పుట్టిన దగ్గర్నుంచీ దానికి తెలిసింది అదే. కుడి అంటే షికారు. ఎడం అంటే పని."

సిదోనీ జీను మీంచి ముందుకి వంగింది. "అంటే లాంగ్‌షాంలో..."

"షికారు చేసింది పాపం. బుద్ధిగా! మీరంతా ఎందుకలా తొందరపడుతున్నారో దానికి అర్థం కాలేదు."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదయ్యా?"

"ఎలా చెప్పమంటారు? గాలి పీల్చుకోవాలని మీకు చెప్పానా? అందరూ అలాగే చేస్తారనుకున్నా."

"మేమూ అంతే," అంది సిదోనీ మెల్లగా. "మా మైదానాలు ఒకటి కుడి, ఒకటి ఎడం, ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. గుర్రానికి దిక్కుతో పనేముందిలే అనుకున్నాం." ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని ఇద్దరూ ఎంతసేపు నవ్వారంటే, సోర్గమ్ ఆకులు నమలడం ఆపి వాళ్ళని చూసింది.

కానీ షాంతియీ కుడివైపే కదా. ఊళ్ళో మైదానాన్ని తిరగేయలేరు కదా. ఆ పొద్దున సాల వంటగదిలో కాఫీ చల్లారిపోతున్నా సిదోనీ కప్పు ముట్టుకోలేదు.

"ఆల్సీద్, మీ దగ్గర మెల్లగా నడిపించడానికీ దౌడుకీ మధ్య ఏం చేస్తారు?"

"ఏమీ చేయం. ఆగుతాం."

"ఊరికే?"

"ఊరికే. గుర్రం అటూ ఇటూ చూస్తుంది. దానికి చాలనిపించాక తిప్పుతాం."

సిదోనీ కప్పు ఎత్తి గడగడా తాగేసింది. "అయితే దాన్ని లేపింది ఎడమొక్కటే కాదు. ఆగడం. చూడటం. వెళ్ళే దారికి ఎదురు తిరగడం. ఈ పొద్దున చెట్టు ముందు జరిగిందీ అదేగా. మెల్లగా నడిచేది ఎడంవైపు చేయిద్దాం. ఆపుదాం. కుడికి తిప్పుదాం. పరుగు మొదలని చెప్పే గంట అదేనని అది నేర్చుకోకూడదా?"

ఆల్సీద్ తన కప్పు పక్కకి జరిపాడు. తర్వాత, "నాకు తోడు పెళ్ళికూతురు కావాలి," అన్నాడు.

"దేనికి?"

"ఒంటరిగా ఆగమంటే అది ఆగదు మామ్జెల్. తోడుంటే ఆగుతుంది."

అలా సాలలో పనీపాటా లేని ముసలి తెల్లగుర్రం ఒకటి ఆల్సీద్‌ని మోస్తూ సోర్గమ్ పక్కన నడవడం మొదలెట్టింది. సిదోనీ పళ్ళ బిగువున ఒప్పుకుంది. రెండు రోజులకే దానికి కారట్లు పట్టుకెళ్ళడం మొదలెట్టింది. పొద్దున్నే ఎడంవైపు మెల్లటి నడక. తర్వాత రెండు గుర్రాలూ, ఇద్దరు మనుషులూ మంచులో కదలకుండా నిలబడేవాళ్ళు. పక్కనుంచి వెళ్ళే సాయిసులు ఊరుకునేవాళ్ళా?

"అవ్వా, పూజ అయ్యిందా?"

"పాటలు కూడా పాడించండి!"

సిదోనీ చెట్ల వైపే చూసేది. అడవి నిలబడి చూడాల్సిన చోటని ఆమె ఎప్పుడూ అనుకోలేదు, అది దాటి వెళ్ళాల్సిన చోటు. ఇప్పుడు ఆకుల మధ్య వెలుగు ఒక్కొక్క చుక్కగా దిగడం చూసింది. ఒక పొద్దున దుప్పి పిల్ల దారి దాటింది. పక్కన ఆల్సీద్ గొంతు తగ్గించి, "మీ నడక గురించి నేనన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నా మామ్జెల్," అన్నాడు.

"అన్నీనా?"

"సంత మాట ఒక్కటి ఉంచుకుంటా."

వాళ్ళు కుడివైపు తిప్పారు. మొదట గుర్రం సందేహించింది. ఒక చెవి ముందుకి, ఒక చెవి వెనక్కి. వారం తిరిగేసరికి రెండు చెవులూ ముందుకొచ్చాయి. తర్వాత్తర్వాత తెల్లగుర్రం దూరంగా నిలబడినా సోర్గమ్ తనంతట తనే ఆగేది.

టోపీల ఆదివారం ఎండ కాసింది. గడ్డి మీద స్ట్రాబెర్రీల వాసన, అత్తరు వాసన, గుర్రపు చెమట వాసన కలిసిపోయాయి. గుర్రాలు తిరిగే చుట్టు మధ్యలో పత్రాన్, తాంక్రెద్, సిదోనీ, ఆల్సీద్ నిలబడ్డారు. తాంక్రెద్‌కి అంతా చెప్పారు. అతను విని, "అంటే నేను పందానికి ముందు ప్రకృతి చూస్తూ నిలబడాలి. సరే. పందెంలోనో? ముందుండాలా, వెనకా?" అన్నాడు.

"ముందు," అన్నాడు ఆల్సీద్.

"వెనక," అన్నాడు పత్రాన్.

ఇద్దరూ సిదోనీని చూశారు. ఆమె సోర్గమ్ మూతి నిమురుతూ, "మొదట్లో ఈయన చెప్పినట్టు వదులు. మధ్యలో మన పద్ధతిలో పట్టుకో. ఆఖర్న దాని ఇష్టం," అంది. పత్రాన్ నవ్వేసి, తాంక్రెద్‌ని జీను మీదికెత్తాడు.

మిగతా గుర్రాలు పందెం మొదలయ్యే చోట గుండ్రంగా తిరుగుతున్నాయి. సోర్గమ్ ఎడంవైపు మెల్లగా వెళ్ళి, వాటిని దాటి ఆగింది. ఆగి చెరువునీ, పాత కోటనీ, ఎండలో తేలుతున్న వేల టోపీల్నీ చూసింది. అధికారి ఒకాయన చెయ్యి ఊపి ఏదో అరిచాడు. తాంక్రెద్ వినిపించనట్టు టోపీ సర్దుకున్నాడు. కంచె దగ్గర సిదోనీ గుప్పిట్లో ఖాళీ పగ్గం నలిగిపోతోంది. అప్పుడు గుర్రం తిరిగింది.

గుర్రాలన్నిటినీ వరసగా ఇరుకు గళ్ళలో నిలబెట్టారు. వాటి తలుపులు తెరుచుకోగానే సోర్గమ్ అమెరికా గుర్రంలా దూకింది. ముందుకొచ్చింది. "అదీ!" అన్నాడు ఆల్సీద్. తాంక్రెద్ దాన్ని మెల్లగా రెండు గుర్రాల వెనక్కి తెచ్చి దాచాడు. "అదీ!" అంది సిదోనీ. గుంపంతా పెద్ద మలుపు దగ్గరకొచ్చింది. కుడి మలుపు. ఇద్దరూ కంచె మీదికి వంగారు. లాంగ్‌షాంలో చెవులు వాల్చింది ఇలాంటి మలుపులోనే. పచ్చిక అంచున రంగురంగుల చొక్కాలు ఒరిగాయి. సోర్గమ్ చెవులు కనిపించలేదు. తర్వాత కనిపించాయి. రెండూ ముందుకి.

తిన్నటి దారిలో అది గుంపులోంచి బయటికొచ్చిన తీరు, పాకం గిన్నె అంచు దాటినట్టుంది. ఆత్రం లేదు, ఆగడమూ లేదు. ఆఖరి ఎత్తులో ముందున్న నల్లగుర్రం లొంగలేదు. ఇద్దరు జాకీలూ ఒకే మనిషిలా ఊగారు. సిదోనీ కళ్ళు మూసుకుంది. జీవితంలో ఇంతకు ముందెప్పుడూ పందెంలో కళ్ళు మూసుకోలేదు.

ఆల్సీద్ కేక ఏ భాషలో వేశాడో ఎవరికీ తెలియలేదు. కళ్ళు తెరిచేసరికి అతను పక్కనున్న పెద్దావిణ్ణి కౌగిలించుకుని తిప్పుతున్నాడు. ఆవిడ టోపీలోని గులాబీలు నేల మీద పడ్డాయి. ఆవిడ కూడా నవ్వుతోంది, ఎందుకో తెలియకుండానే.

"మెడంత తేడా మామ్జెల్! ఇంత! ఇంత పొడుగు మెడ!"

సిదోనీ కంచె కిందనుంచి దూరి పరిగెత్తింది. తను కుంటుతానన్న సంగతే ఆమెకి గుర్తులేదు.

సాయంత్రం ఆమె సోర్గమ్‌ని చల్లటి నీళ్ళతో కడిగి, పగ్గం పట్టుకుని బయల్దేరింది. తోడు పెళ్ళికూతురు కూడా రావాల్సిందేనని ఆల్సీద్ ముసలి తెల్లగుర్రాన్ని పక్కనే నడిపించాడు. సందూ, ముందు వీధీ విడిపోయే చోట సోర్గమ్ ఆగింది. సిదోనీ ఆగింది. గుర్రం తలెత్తి వీధి పొడుగునా చూసింది. తెరుచుకుంటున్న కిటికీలు, కప్పులు పట్టుకుని బయటికొస్తున్న మనుషులు, కాఫీ హోటల్ బల్ల ఎక్కి ఈల వేస్తున్న బసీల్.

"ఏం అవ్వా, ఇక్కడ కూడా పూజేనా? రండి!"

"ఉండవయ్యా," అంది సిదోనీ. "దాన్ని చూడనీ. నన్నూ చూడనీ."

రొట్టెల కొట్టు గుమ్మంలో ఉగెత్ పిండి చేత్తో కళ్ళు తుడుచుకుని మొహమంతా తెల్లగా చేసుకుంది. ఇంకో చేతిలో రొట్టె కొస. సోర్గమ్ చూడాల్సినంతా చూసి, మెడ వంచి, ముందు వీధి వైపు తిరిగింది.